మోడెము – హుండీ న్యాయము

ఉస్మాన్‌గంజు వంటి టోకు బజారులలో పూర్వము చెల్లిన హుండీలను చూచినవారికి ఒక విశేషము జ్ఞప్తియందుండును. రూపాయలు వేయి అని వ్రాసి ఊరకుండక, ఇందులో సగము అయిదువందలు, దానికి రెట్టింపు చెల్లింపవలసినది అను రీతిగా వ్రాసెడివారు. ఎవడైన ఒక సున్న చేర్చినను, తడిసి ఒక సున్న చెరిగినను, సగము సరిపడదు. షాహుకారు హుండీని త్రిప్పి పంపును. వార్తలోనే దాని పరీక్షను గూడ ఇమిడ్చి పంపుట యన్నమాట. వేదపాఠమున జట, ఘన మొదలగు వికృతులకును ఇట్టి ప్రయోజనమే కలదని పెద్దలు చెప్పుదురు.

కంప్యూటరు అంకెలను ధ్వనులుగా మార్చి టెలిఫోను తీగెపై పంపి, అవతల మరల అంకెలుగా మార్చు యంత్రము మోడెము. ఇంటర్నెట్టు మాట వేరు. అందు వేరొక తనిఖీ కూడ నుండును. నేను చెప్పునది ఒక కొట్టునుండి మరియొక కొట్టుకు నేరుగా ఫోను కలిపి ధరలు పంపుకొనిన నాటి సంగతి.

నా శిష్యుడొకడు ఉస్మాన్‌గంజున ఎండుమిరప వ్యాపారి. 1998 వర్షాకాలమున గుంటూరులో క్వింటాలు ధర 4,150 అని పంపగా ఇచట 4,110 అని పడెను. తెరపై పిచ్చి గుర్తులు పడినచో ఎవడైనను అనుమానించును, 4,110ని అనుమానించువాడెవడు? అయిదు అంకె గుర్తుకును ఒకటి అంకె గుర్తుకును భేదము ఒక్క బిట్టు మాత్రమే. తీగె ఒకమారు చిటచిటలాడిన చాలును. అతడు 4,130 చొప్పున 200 క్వింటాళ్ళకు మాట యిచ్చెను. లాభమనుకొన్నచోట 4,000 రూపాయలు నష్టపోయెను.

దీనికి విరుగుడు 1988లోనే వి.42 అను అంతర్జాతీయ నియమమై వెలసినది. పంపు మోడెము అక్షరములను సాధారణముగా 128కి మించకుండ మూటలు గట్టి, ప్రతి మూటకును వరుససంఖ్యను, చివర 16 బిట్ల పరీక్షాంకమును చేర్చును. మూటనంతయు ఒక పెద్ద సంఖ్యగా నెంచి భాగించగా మిగులు శేషము వంటిది ఆ అంకము. అవతలి మోడెము తానును భాగించి చూచును. శేషము కుదరనిచో మూటను పారవైచి మరల నడుగును. ఇంత పనివలన వేగము తగ్గునని కొందరి భయము. నిజమునకు, తీగె బాగున్నచో, పెరుగును. విడి అక్షరమునకు ముందు వెనుకల తగిలించు రెండు బిట్లు మూటలో అక్కరలేదు గనుక 10 బిట్లకు మారుగా 8 చాలును.

మరి శిష్యుని మోడెమున ఈ వి.42 లేదా? ఉన్నది. చిక్కంతయు అమరికలో నున్నది. రాక్‌వెల్ చిప్పు గల మోడెములలో ఏటీ అను అక్షరముల తరువాత వెనుకకు వాలిన గీటు, ఎన్, ఒక అంకె వ్రాయవలెను. సున్న వ్రాసిన సవరణ లేదు. మూడు వ్రాసిన, సవరణకు ప్రయత్నించి, అవతలిది ఒప్పుకొనని యెడల మాటాడక సవరణ లేకయే కలుపును. రెండు వ్రాసిన, సవరణ కుదిరిననే కలుపును. లేనిచో ఫోను పెట్టివేయును. యూఎస్ రోబోటిక్స్ మోడెములలో ఆంపర్‌సాండ్ గుర్తుతో ఎమ్ నాలుగు, ఎమ్ అయిదు అనునవి వరుసగా ఈ మూడు, రెండులవంటివి. గుంటూరు మోడెము పాతది, సవరణ నెరుగదు. ఇచటిది మూడు మీద నుండుటచే మౌనముగా సరిపెట్టుకొనెను. కబుర్లకు మూడు చాలును గాని ధరలకు రెండే తగునని నా మతము. కలియని ఫోను విసుగు పుట్టించును. అబద్ధపు ధర ఇల్లు గుల్ల చేయును. రెండు పెట్టగానే గుంటూరు కలియుట మానెను, శిష్యుడు నాపై కినిసెను, తుదకు అచట క్రొత్త మోడెము కొనిపించెను.

ఇంకొక లోటు గలదు. వి.42 కాపలా మోడెమునుండి మోడెమువరకే. కంప్యూటరునకు మోడెమునకు నడుమనున్న కేబులు దానికి వెలుపల. మోడెము చెడిన మూటను మరల పంపుచుండగా కంప్యూటరు ఆగక అక్షరములు కుమ్మరించినచో, చోటు చాలక కొన్ని పొర్లిపోవును. కావున కేబులు తీగెల ద్వారానే ఆగుము, పంపుము అని చెప్పు ఏర్పాటు, రాక్‌వెల్ మోడెములలో ఆంపర్‌సాండ్ కే మూడు, తప్పక యుండవలెను. కంప్యూటరు ప్రోగ్రామునందును అదియే నిర్ణయింపవలెను. ఇక గుమాస్తా వ్రేలు జారి తప్పు అంకె నొక్కినచో, మోడెము దానిని పరమవిశ్వాసముతో చేరవేయును! అందులకై శిష్యుడు ప్రతి ధర ప్రక్కను దాని సగమును గూడ వ్రాయించుకొనెను.

అమరిక ముగిసిన పిదప ఆంపర్‌సాండ్ డబ్ల్యూ అని వ్రాసి దాచవలెను. దాచనిచో కరెంటు పోయి వచ్చినంతనే పాత అమరికయే తిరిగివచ్చును.