సాయంకాలపు చిరుతిండి : బొరుగులు
(పాఠశాల వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో పెద్దలు భాషను గూర్చియో, సాహిత్యమును గూర్చియో, దేశసేవను గూర్చియో ప్రసంగించుట వాడుక. నేను చెప్పదలచినది అంతకంటె చిన్న విషయము. పొయ్యి వెలిగింపకయే పది నిమిషములలో ఇంట చేసికొనదగిన ఒక చిరుతిండిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. విషయము చిన్నదైనను, మన ఊరిలో దాని అవసరము చిన్నది కాదు.

ఆ అవసరమేమో మొదట చెప్పవలెను. జాన్ టేలర్ సంస్థవారు 1880 ప్రాంతమున ఇచ్చట తవ్వకములు చేపట్టినది మొదలు, 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడు వరకు, ఈ ఊరి దినచర్య గనుల షిఫ్టులనుబట్టి నడచినది. షిఫ్టు పగటిదైనను రాత్రిదైనను, పని మాత్రము ఊరిలోనే యుండెడిది. నేడట్లు కాదు. తెల్లవారకమునుపే మారికుప్పమునుండి కదలు రైళ్లలో వేలకొలది జనులు బంగారుపేట మీదుగా బెంగుళూరునకు పనులకై పోవుచున్నారు. చాల దూరపు ప్రయాణము. మరల ఇల్లు చేరునప్పటికి రాత్రి యగును. తల్లియు తండ్రియు ఇరువురును రైలెక్కు కుటుంబములు మన మధ్య ఎన్నియో కలవు. అట్టి యింటి బిడ్డ సాయంకాలము బడినుండి వచ్చునప్పటికి తలుపునకు తాళముండును. ఆకలికి మాత్రము ఎవరును తాళము వేయలేరు గదా! అప్పుడా బిడ్డ చేయి అంగడి గుమ్మమున వ్రేలాడు పొట్లములపైకి పోయిన, తప్పు బిడ్డది కాదు. ఇంటిలో దానికి బదులు ఏదియు సిద్ధముగా లేకపోవుటయే కారణము.

ఆ బదులు మనకు దూరమున లేదు. అది మన బొరుగులే.

కోస్తా తెలుగువారు దీనిని మరమరాలందురు. మనము బొరుగులందుము. పొరుగునున్న కన్నడిగులు పురి యనియు, తమిళులు పొరి యనియు చెప్పుదురు. రాబర్ట్‌సన్‌పేట అంగడిలో ఈ మాటలలో దేనిని పలికినను అంగడివాడు ఒక్క గోతాములోనే చేయి పెట్టును. దీనికి తోడైన వేయించిన శనగలను మనవైపు కేవలము ‘పప్పులు’ అందుము. కన్నడమున హురిగడలె, తమిళమున పొట్టుకడలై అందురు. ఇట్టి మాటలు పాఠ్యపుస్తకములలో అరుదుగా కనబడును. ఇంటిలో అవ్వ ప్రక్కన కూర్చుండి చేట పట్టినప్పుడే అవి నోటికి వచ్చును. తెలుగు బడిలో చదువు బిడ్డలు తమ వంటింటి తెలుగును గూడ నిలుపుకొనవలెనని నా కోరిక. మన జాతరలలో బొరుగులు, పప్పులు, బత్తాసులు కలిపి పొట్లము కట్టి యిచ్చుదురు. ఆయుధపూజనాడు ఇరుగుపొరుగులకు బొరుగులు పంచుట ఈ సీమలో నేటికిని కలదు.

బొరుగులు ఎట్లు తయారగునో పిల్లలు తెలిసికొనవలెను. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, దంచగా వచ్చిన బియ్యమునకు ఉప్పునీరు పట్టించి, బాగుగా కాలిన ఇసుకలో వేసి కలుపుదురు. గింజలోపల మిగిలియున్న కొద్దిపాటి తేమ ఒక్కసారిగా ఆవిరియై వెలుపలికి త్రోయగా, గింజ కొన్ని క్షణములలో పొంగును. వెంటనే జల్లెడ పట్టి ఇసుకను వేరుచేయుదురు. పేలాలు వేరు, అవి ఉడికింపని వడ్లను పొట్టుతోనే వేయింపగా పేలినవి.

ఈ పొంగులోనే ఒక రహస్యమున్నది. బొరుగులు చేతికి తేలికగా నుండుటకు కారణము వానిలోని గాలి. గిన్నెనిండ బొరుగులు తినిన బిడ్డ కడుపు నిండినట్లు తోచినను, గంట గడువకమునుపే మరల ఆకలియనును. నూరు గ్రాముల బొరుగులలో మాంసకృత్తులు సుమారు 7 గ్రాములు మాత్రమే. అదే తూకపు పప్పులలో సుమారు 22 గ్రాములు, చెనక్కాయ విత్తనాలలో సుమారు 25 గ్రాములు కలవు. బియ్యపు మాంసకృత్తులలో లైసీన్ అను అంశము కొరతగా నుండును. శనగలు ఆ కొరతను తీర్చును. కావున బొరుగులతో పప్పులు కలిపి పొట్లము కట్టిన మన పెద్దల వాడుక రుచికే కాక బలమునకును తగినదే. తేలిక బొరుగులది, బలము తోడు వేసిన గింజలది. నేటి నా ప్రసంగమున జ్ఞాపకముంచుకొనవలసిన మాట ఇదియొక్కటియే.

ఇక చేయు విధానము. దీనిలో పెద్దల వంతు ఆదివారమునాడు, పిల్లల వంతు ప్రతి సాయంకాలము.

పెద్దల వంతు మూడు డబ్బాలు నింపుట. మొదటిదానిలో బొరుగులు. కొనునప్పుడు ఒక గింజను వ్రేళ్లమధ్య నలుపుడు. పొడియైన మంచిది, సాగిన మెత్తబడినది. మితిమీరిన తెలుపు గలవానిని కొనకుడు. ఇంటికి తెచ్చి జల్లించి ఇసుకయున్న తీసివేయుడు. రెండవదానిలో పప్పులు. మూడవదానిలో వేయించిన చెనక్కాయ విత్తనాలు. వీనిని నూనె లేకుండ సన్నని మంటపై, పొట్టు నల్లని మచ్చలెక్కి నలిపినంతనే ఊడు వరకు వేయించి, పూర్తిగా చల్లారిన పిదప మూత పెట్టవలెను. వేడిమీద మూసిన ఆవిరి లోపలనే నిలిచి గింజలు మెత్తబడును.

పిల్లల వంతు మరింత సులభము. ఇద్దరికి చాలునట్లు కొలత చెప్పెదను. బొరుగులు మూడు పెద్ద గ్లాసులు, పప్పులు ఒక పిడికెడు, చెనక్కాయ విత్తనాలు ఒక పిడికెడు, చిన్న ఉల్లిపాయ ఒకటి, గట్టి టమాట ఒకటి, కొంచెము కొత్తిమీర, నిమ్మచెక్క, చిటికెడు కారప్పొడి, ఒక చెంచా నూనె. టమాటకు మన కోలారు జిల్లా పెట్టినది పేరు గనుక అది కొరతపడదు. క్యారట్ ఉన్న తురిమి వేయవచ్చును.

ఇచ్చట క్రమము ముఖ్యము. మొదట ఉల్లిపాయను, టమాటను సన్నగా తరుగవలెను. టమాట గింజలను, రసమును తీసివేయవలెను. వానిపై కారప్పొడి, నూనె వేసి, నిమ్మరసము పిండి కలుపవలెను. తరువాత పప్పులు, చెనక్కాయ విత్తనాలు. బొరుగులు కట్టకడపట వేసి, రెండుమార్లు మాత్రము పైకి క్రిందికి కలిపి, వెంటనే తినవలెను. బొరుగులు ముందు వేసినచో తడి పీల్చి, అయిదు నిమిషములలో ముద్దయగును. ఉప్పు రుచి చూచిన పిదపనే వేయవలెను. బొరుగులలో ముందే ఉప్పున్నదని చెప్పితిని గదా! డబ్బాలోని బొరుగులు వానకాలమున మెత్తబడిన, పెద్దలు వట్టి బాణలిలో సన్నని మంటపై రెండు నిమిషములు వెచ్చచేసిన మరల కరకరలాడును.

మరి కొన్ని జాగ్రత్తలు. కత్తి పట్టుటకు చాలని చిన్నవారు ఉల్లిపాయ, టమాట మాని, నిమ్మరసముతోనే కలుపుకొందురు గాక. అయిదేండ్ల లోపు పసివారికి చెనక్కాయ విత్తనాలను గింజలుగా ఇయ్యరాదు. గొంతుకు అడ్డుపడు ప్రమాదము కలదు. పొడిచేసి యియ్యవలెను. ఆ గింజ సరిపడని వారు పప్పులను రెట్టింపు వేసికొనవచ్చును. బొరుగులు త్వరగా జీర్ణమై రక్తములో చక్కెరను వేగముగా పెంచును గనుక, మధుమేహము గల పెద్దలు తేలికయన్న పేరుజూచి గిన్నెలకొలది తినరాదు.

సెలవుదినమున పెద్దలు పొయ్యి దగ్గరనుండగా ఈ బొరుగులతోనే ఉగ్గాని చేయవచ్చును. అనంతపురము, కర్నూలు, బళ్లారి సీమల తెలుగువారికి అది ప్రొద్దుటి ఫలహారము. బొరుగులను నీటిలో ముంచి వెంటనే తీసి పిండి, ఆవాలు, కరివేపాకు, పచ్చిమిరప, ఉల్లిపాయ, పసుపుల తాలింపులో కలిపి, పైన పప్పుల పొడి చల్లి, నిమ్మరసము పిండుదురు. అచ్చటను పప్పులు తోడుగా నుండుట గమనింపుడు.

అంగడి తిండిని నిందించుట నా ఉద్దేశము కాదు. నీటివలె తేటగానుండు రసముతో చేయు బంగారుపేట పానీపూరీకి బెంగుళూరు వరకు పేరున్నది. అప్పుడప్పుడు దానిని రుచి చూచుట సంతోషమే. కాని ప్రతి దినపు ఆకలికి ఆధారము ఇంటిలోనే యుండవలెను.

తల్లులకు, తండ్రులకు ఒక విన్నపము. ఈ పనిని ఆడపిల్లలకు మాత్రమే అప్పగింపకుడు. ఆకలి ఇరువురికిని ఒక్కటియే. గిన్నె కడుగుటయు ఇరువురికిని రావలెను. అన్న చేసి చెల్లెలికి పెట్టిన ఇంటిలో, బడి చెప్పజాలని పాఠమొకటి సాగుచుండును.

బాలబాలికలారా! మీరు కలుపుకొనునప్పుడు ఒక పిడికెడు బొరుగులను, కొన్ని పప్పులను తడి తగులకుండ వేరుగా మూసియుంచుడు. రాత్రి రైలు దిగివచ్చు మీ అమ్మకు, నాయనకు అప్పుడు కలిపి చేతికి ఇయ్యుడు. దినమంతయు ఇతరులకై పనిచేసి వచ్చినవారికి, తమ బిడ్డ తమకొరకు చేసి దాచినదని తెలిసిన, ఆ పిడికెడే చాలును.