గంగిరెద్దులా తయారయ్యేవేటే గుంటా!

గోపాలపట్నం నుంచి మాట్లాడుతున్నాను. మధ్యలో రైలు కూత వినిపిస్తే ఏమీ అనుకోకండి, మా ఇల్లు సింహాచలం స్టేషన్ పక్కనే. పేరుకి సింహాచలం స్టేషన్, ఉన్నది మాత్రం మా గోపాలపట్నంలో. బయటూరి వాళ్లకి ఈ సంగతి చెప్పీ చెప్పీ అలిసిపోయాం.

ఈ రోజు టాపిక్ చలికాలం బట్టలు. వైజాగ్‌లో చలేంటి అని నవ్వుతున్నారు కదా? నిజమే. 18 డిగ్రీలు పడితే చాలు, మా వీధిలో మంకీ క్యాపులు బయటికొచ్చేస్తాయి. కానీ డిసెంబర్‌లో తెల్లారే కిరండూల్ రైలెక్కి అరకు వెళ్లి చూడండి. సొరంగాలు దాటుకుంటూ సిమిలిగుడ దగ్గరికొచ్చేసరికి సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంటారు. పొద్దున్న పళ్లు టకటకా కొట్టుకుంటాయి, మధ్యాహ్నం ఎండ చుర్రుమంటుంది. అందుకే ఒక్క లావుపాటి జాకెట్ కంటే నాలుగు పల్చటి బట్టలు మేలు. పొరకీ పొరకీ మధ్య చిక్కుకున్న గాలే వెచ్చగా ఉంచుతుంది. ఎండెక్కే కొద్దీ ఒక్కోటీ తీసి బ్యాగులో పడేయొచ్చు.

ఇంతవరకూ సైన్స్. ఇక నా వేషం సంగతి.

కిందనుంచి చెప్తాను. హవాయి చెప్పుల్లో మేజోళ్లు. అదీ ఒకటి ఎరుపు, ఒకటి చారలది. చుడీదార్ మీద అమ్మ పసుపు పచ్చ పాత ఓణీ చుట్టాను. దాని మీద నాన్న ఖాకీ ఫుల్ హ్యాండ్స్ చొక్కా. దాని మీద మామ్మ అల్లిన మెరూన్ హాఫ్ స్వెట్టర్, బొత్తాలు పెట్టకుండా. మెడలో తాతగారి పొందూరు ఖద్దరు పంచె, మఫ్లర్‌లాగ. ఆ ఖద్దరుకి దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారని తెలుసా మీకు? ఏ బ్రాండ్ వాడైనా ఇలాంటి కథ చెప్పగలడా, చెప్పండి.

మామ్మ గుమ్మంలో నిలబడి ఎగాదిగా చూసింది. "ఏటే గుంటా, గంగిరెద్దులా తయారయ్యేవు?" అంది. తిట్టింది అనుకున్నాను. రైల్లో కూర్చున్నాక తట్టింది, ఇంతకంటే మంచి మాట ఇంకోటి ఉందా అని!

మనకి చలికాలం ఫ్యాషన్ అంటే ధనుర్మాసమే కదా. గంగిరెద్దు ఒంటి మీద ఎన్ని రకాల గుడ్డలుంటాయో ఎప్పుడైనా చూశారా? పాత చీర ముక్కలు, బొంతలు, కొమ్ములకి రంగులు, మెళ్లో మువ్వలు. దాన్ని ఆడించే ఆయన వేసుకునే కోటు కూడా ఎవరింట్లోనో ఇచ్చిందే. సైజుతో పనే లేదు. ఇంకొకాయన ఉన్నాడు, పిట్టలదొర. పాత ఖాకీ కోటు, నెత్తిన టోపీ, చేతిలో కట్టె తుపాకీ, నోటి నిండా కోతలు. జేబులో చిల్లిగవ్వ ఉండదు, మాట్లాడితే మాత్రం కోట్లలోనే. దొరల డ్రెస్సునే వేసుకుని దొరల్ని ఆటపట్టించాడు ఆయన. నా లెక్కలో మన తెలుగువాళ్ల మొదటి స్ట్రీట్ ఫ్యాషన్ ఐకాన్ ఆయనే.

టోక్యోలో హరాజుకు అనే ఏరియా ఉంది. 1990ల మొదట్లో జపాన్ ఆర్థికంగా కుదేలైంది. కాలేజీ అయిపోయినవాళ్లకి ఉద్యోగాలు దొరకడం కష్టమైపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడి కుర్రకారు పొర మీద పొర, రంగు మీద రంగు వేసి రోడ్డెక్కారు. 1997లో షోయిచి అవోకి అనే ఫొటోగ్రాఫర్ వాళ్ల కోసం 'ఫ్రూట్స్' అని ఒక పత్రికే పెట్టాడు. భయం అందరిలోనూ ఉంది, అద్దం ముందు నిలబడిన ఆ పది నిమిషాలు మాత్రం వాళ్ల చేతిలో ఉన్నాయి. నాకు అలా అనిపిస్తుంది.

మా దగ్గర భయానికి కొదవేం లేదు. 2020 మే 7 తెల్లవారుజామున పక్కనే వెంకటాపురంలో గ్యాస్ లీకై మనుషులు పోయారు. ముఖానికి తడిగుడ్డ కట్టుకోమని అధికారులు చెప్పిన రోజు అది. అందుకే నేను పంచె ముక్కు మీదకి లాగితే మామ్మకి ఇప్పటికీ నచ్చదు, "మెడకే ఉంచవే" అంటుంది. 2021 జనవరిలో స్టీల్ ప్లాంట్‌ని అమ్మేస్తామని కేంద్రం నిర్ణయం. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ. అయినా ఇక్కడ టీకొట్టు దగ్గర ఉద్యోగాల మాట రాని రోజు లేదు.

నాన్నది స్టీల్ ప్లాంట్ కాదు, వేరే చోట కాంట్రాక్టులో వెల్డింగ్. నవంబర్‌లో గేట్ పాస్ రెన్యువల్ కాలేదు. ఆ ఖాకీ చొక్కా ఉతికి, మడతపెట్టి, ట్రంకుపెట్టెలో పెట్టేశారు. అప్పట్నుంచీ ఇంట్లో టీవీ సౌండ్ కూడా తగ్గించే చూస్తున్నాం. నేనేమో రెండేళ్లుగా బ్యాంకు పరీక్షలు. ఆ చొక్కా నేను అడక్కుండానే తీశాను. తప్పే.

దాన్నిండా నిప్పురవ్వలు పడిన చిన్న చిన్న కన్నాలు. లోపల ఓణీ పసుపు కదా, ప్రతి కన్నంలోంచీ ఒక పసుపు చుక్క కనిపిస్తుంది. అరకు ప్లాట్‌ఫారం మీద ఎవరో అమ్మాయి "అక్కా, ఈ షర్ట్ ఎక్కడ కొన్నారు?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలీలేదు. నవ్వేసి ఊరుకున్నాను.

రాత్రి ఇంటికొచ్చేసరికి నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నారు. మార్చుకునే టైమ్ కూడా లేదు. చొక్కా వైపు చూశారు. మేజోళ్ల వైపు చూశారు. మళ్లీ చొక్కా వైపు. నాకు కాళ్లు ఆడలేదు. ఆ అమ్మాయి అడిగిన మాట చెప్పాను, అంతకంటే ఏం దొరకలేదు నోటికి.

చాలాసేపటికి, "కొనలేదని చెప్పకపోయావా," అన్నారు. "పదకొండేళ్లు పట్టిందని చెప్పాల్సింది."

తర్వాత లోపలికెళ్తూ గుమ్మంలో ఆగారు. "పెట్టెలో అడుగున ఇంకోటుంది. దానికి కన్నాలెక్కువ."

అదే ఇప్పుడు నేను వేసుకున్నది. దీని లోపలికి ఎర్ర ఓణీ కావాలి, అమ్మ ఇవ్వనంటోంది. అడుగుతున్నాను. ఉంటాను మరి.