ఆరోగ్య లెక్కలు – ఏకరూపత
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయమున వేయి గ్రంథములున్నను, వాని పట్టిక సక్రమముగా లేనిచో పాఠకునకు కావలసినది చేతికందదు. ఒకే గ్రంథమును ఒకరు గ్రంథకర్త పేరుతోను, వేఱొకరు గ్రంథనామముతోను, మఱియొకరు అట్ట రంగుతోను వ్రాసికొన్నచో, మొత్తమెన్ని గ్రంథములు కలవో లెక్కించుటయే కష్టమగును. ఆసుపత్రులయందలి రోగుల వివరములకును ఇదియే న్యాయము. నేటి నా ప్రసంగ విషయము అదియే.

మనము ఆసుపత్రికి పోయినపుడు ఓ.పి. చీటీ వ్రాయుదురు, రక్తపరీక్ష చేయుదురు, మందుల చీటీ ఇత్తురు. ఇవి యన్నియు ఆ ఒక్క రోగి చికిత్సకొఱకు వ్రాయబడినవే కాని పరిశోధనకొఱకు కావు. అయినను లక్షలమంది వివరములను ఒకచో చేర్చి చూచినచో ఏ మందు ఎవరికి మేలుచేయుచున్నదో, ఏ వ్యాధి ఎచ్చట పెరుగుచున్నదో తెలియగలదు. చిక్కెల్ల ఆ వ్రాతలు ఒకే భాష మాటాడకుండుటలోనే యున్నది.

ఇది పాత చిక్కే. 1662లో లండను వర్తకుడు జాన్ గ్రాంటు ఆ నగరపు మరణపట్టికలను పరిశీలించి ఒక గ్రంథము ప్రకటించెను. ఆ పట్టికలయందు మరణకారణమును చెప్పినవారు వైద్యులు కారు. శవమును చూచివచ్చుటకు నియమింపబడిన వృద్ధస్త్రీలు. 1839లో విలియం ఫార్ అను గణాంకవేత్త, ఒకే వ్యాధికి మూడు నాలుగు పేర్లుండుటయు, ఒకే పేరు పలు వ్యాధులకు చెల్లుటయు గమనించి, భౌతికశాస్త్రమునకు తూనికలు కొలతలు ఎట్టివో ఈ శాస్త్రమునకు వ్యాధినామములు అట్టివని వాదించెను. ఆసుపత్రులన్నియు ఒకే తీరు పత్రములు నింపవలెనని ఫ్లారెన్స్ నైటింగేల్ 1860లో లండనునందు జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభకు ప్రతిపాదించెను. 1893లో ఫ్రెంచి గణాంకవేత్త బెర్టియాన్ మరణకారణముల వర్గీకరణము సమర్పించెను. 1948లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ బాధ్యతను స్వీకరించెను. దాని పదునొకండవ కూర్పు 2022 జనవరిలో అమలులోనికి వచ్చినది.

మన దేశమున ఆంగ్లేయుల కాలమందు పల్లెలలో మరణములను నమోదుచేసినది చాలవఱకు గ్రామోద్యోగులే. 'జ్వరము' అను ఒక్క శీర్షికలో మలేరియా, టైఫాయిడు, క్షయ సైతము కలిసిపోయెడివి. పేరు తెలియని శత్రువును ఎదుర్కొనుట ఎట్లు?

నేడు ఏకరూపత సాధించుటకు చేయవలసిన పనులు ముఖ్యముగా నాలుగు. మొదటిది నామము: 'మధుమేహము', 'చక్కెర వ్యాధి', 'షుగరు' అను మూడును ఒక్క సంకేతము క్రిందికి రావలెను. రెండవది కొలత: పరగడుపున రక్తమున చక్కెర డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములనినను, లీటరుకు 7 మిల్లీమోలులనినను ఒకటే. కొలత పేరు వ్రాయక 7 అని మాత్రము వ్రాసినచో యంత్రము ఆ మనుష్యుని మరణాసన్నునిగా లెక్కించును. తేదీలును అంతే, 3-4 అనగా మనకు ఏప్రిలు 3, అమెరికావారికి మార్చి 4. మూడవది ఖాళీ గడి: పొగత్రాగు అలవాటు ఉన్నదా యను ప్రశ్నకెదురుగా ఏమియు లేనిచో, లేదని అర్థమా, అడుగలేదని అర్థమా? ఈ రెంటికిని వేర్వేఱు గుర్తులుండవలెను. నాలుగవది మనిషి: ఇంటిపేరు ఒకచోట ముందును, ఒకచోట వెనుకను వ్రాసినందున మన తెలుగువాడొక్కడు ఇద్దఱగుచున్నాడు. 2021లో దేశమంతటికి ఆరంభింపబడిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చు 14 అంకెల సంఖ్య ఈ లోపమును తీర్చుటకు తోడ్పడగలదు.

అయితే రెండు హెచ్చరికలు అవసరము. సంకేతము వేయు తొందరలో వైద్యుడు వ్రాసిన అసలు మాటను పాఱవేయరాదు. పలు దేశముల పరిశోధకులు వాడుచున్న 'ఓమాప్' నమూనాలో సంకేతము ప్రక్కనే మూలలేఖనమునకును స్థానమున్నది. రెండవది, రోగి గుట్టు రోగిదే. పేరు, ఊరు తొలగించి, నియమములకు లోబడియే ఆ వివరములను పరిశోధకునికి అందింపవలెను. నమ్మకము పోయినచో రోగి నిజము చెప్పడు; నిజము లేని లెక్కను ఎంత చక్కగా సవరించినను ఫలము లేదు.

ఈ శ్రమకు ఫలమేమని అడుగుదురేమో. 2020లో కోవిడు ప్రబలినపుడు బ్రిటనునందు 'రికవరీ' అను పరీక్ష జరిగెను. ఆసుపత్రి సిబ్బంది నింపిన చిన్న పత్రమునకు జాతీయ ఆరోగ్యసేవయొక్క నిత్య రికార్డులను జోడించి ఫలితములు చూచిరి. మార్చిలో మొదలైన ఆ పరీక్ష జూను నాటికే, డెక్సామెథసోన్ అను పాత చౌకమందు కృత్రిమశ్వాసపై నున్నవారిలో మరణములను సుమారు మూడవవంతు తగ్గించునని తేల్చెను. రికార్డులు ముందే ఒక క్రమమున నుండుటచే ఆ వేగము సాధ్యమైనది.

కావున ఆరోగ్యకేంద్రమున చీటీ వ్రాయు గుమాస్తా మొదలు నాడి చూచు వైద్యునివఱకు ప్రతివారును పరిశోధనలో భాగస్వాములే. మనమును వయస్సు, పేరు, వాడిన మందులు సరిగా చెప్పుట, పాత చీటీలు భద్రపఱచుట మన ధర్మము. అక్షరమును భద్రపఱచుట నేర్పిన ఈ గ్రంథాలయము ఆ అలవాటును ఇంటింటికిని అందించుచు, స్వర్ణోత్సవమును సైతము జరుపుకొనుగాక యని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాను.