ఆయాసం, జలుబు, కరోనా: మా సంఘంలో తెలుసుకున్నది



పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు ముందు వాళ్లు చెప్పేసినారు. మేము ఆయాసం గురించి చెప్తాము. ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాల. 2020లో పొదుపు సంఘాల ఆడవాళ్లు మాస్కులు కుడితే ప్రభుత్వం మనిషికి మూడు లెక్కన పంచింది. ఆ రోజుల్లోనే మా సంఘంలో ఒక చెల్లెలు దగ్గుతుంటే మీటింగుకు రావద్దన్నాం. ఆమెకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. ఆయాసం ఉన్నోళ్లకు కరోనా వస్తే బతకరని అందరం అనుకున్నాం. పంపులో స్టెరాయిడ్ ఉంటుంది, దానివల్ల కరోనా ముదురుతుందని ఎవరో చెప్తే ఆమె పంపు మానేసింది. వచ్చింది కరోనా కాదు, మామూలు జలుబే. మూడో రాత్రికి మాట పెగలక కూర్చునే తెల్లవార్చింది. ఆసుపత్రి ఖర్చుకు కమ్మలు కుదువ పెట్టినారు. సంఘంలో అప్పు అడగడానికి మొహం చెల్లలేదంట. రావద్దన్నది మేమే కదా.

ఆ తర్వాత డాక్టరమ్మను, ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకున్నాం. ఉబ్బసం ఉన్నోళ్ల ఊపిరి గొట్టాలు లోపల ముందే వాచి ఉంటాయి. జలుబు వైరస్ దిగితే ఆ వాపు పెరుగుతుంది, గళ్ల చేరుతుంది, గొట్టం బిగుసుకుంటుంది. మనకు ముక్కు కారి పోయే జలుబు వాళ్లకు పిల్లికూతలు, ఆయాసం అవుతుంది. పిల్లల్లో ఆయాసం ఎక్కువసార్లు జలుబుతోనే లేస్తుంది. ఫ్లూ కూడా వీళ్లకు గట్టిగా తగులుతుంది, అందుకే ఏటా టీకా వేయించుకోమంటారు.

కరోనా సంగతి వేరేగా తేలింది. చాలా దేశాల్లో రోగుల లెక్కలు చూస్తే, ఉబ్బసం అదుపులో ఉన్నోళ్లకు మిగతావాళ్ల కంటే పెద్దగా ముదరలేదు. దుమ్ముకు తుమ్ములొచ్చే అలర్జీ వల్లా ముదరలేదు. వయసు, షుగరు, లావు, పొగకు పాడైన ఊపిరితిత్తులు, వీటివల్లే ఎక్కువ ప్రమాదం. ఉబ్బసం అదుపు తప్పి తరచూ స్టెరాయిడ్ మాత్రలు మింగేవాళ్లకు మాత్రం ముప్పు ఉండింది. అదుపులో ఉంచేది రోజూ పీల్చే పంపే. దాన్నే ఆ చెల్లెలు ఆపింది.

పంపులు రెండు రకాలు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు వెంటనే గొట్టం తెరిచేది. ఇంకోటి వాపు తగ్గించేది, బాగున్నా రోజూ పీల్చాల, పీల్చినాక నోరు పుక్కిలించాల. మనవాళ్లు మొదటిదే కొట్టుకుంటూ రెండోది వదిలేస్తారు. పంపు అలవాటు పడుతుందనే భయం వద్దు.

మన బేతంచెర్లలో బండల పని మీద బతికేవాళ్లం ఎక్కువ. నీళ్లు పారిస్తూ కోస్తే దుమ్ము తగ్గుతుంది, పొడి దుమ్ము చీపురుతో ఊడ్చవద్దు. పగలంతా ఆ దుమ్ము, సాయంత్రం కట్టెల పొయ్యి పొగ, ఉబ్బసం ఉన్న మనిషి ఎట్ల తట్టుకుంటుంది?

మృగశిర కార్తెకు హైదరాబాదుకు చేప మందుకు పోయేవాళ్లు మనలో ఉన్నారు. పోవద్దని మేము అనం. పంపు సంచిలో పెట్టుకొని పోండి. అంత జనంలో జలుబు కూడా అంటుకుంటుంది.

ఒక మాట పూర్తిగా పలకలేకపోయినా, పెదవులు నీలమైనా, పిల్లల పక్కటెముకలు లోపలికి గుంజుకున్నా 108కి ఫోన్ చేయండి. డబ్బు కోసం ఆగొద్దు. ఆ రాత్రికి తీర్మానం లేకున్నా అప్పు ఇస్తామని మా సంఘంలో రాసుకున్నాం.

ఆ చెల్లెలు ఈ రోజు రెండో వరుసలో కూర్చుంది. పంపు ఎట్ల పీల్చాలో ఇప్పుడు ఆమే చూపిస్తుంది.