డిస్కు తనంతట తానే తెరుచుకోవాలా?
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది సభ్యులందరికీ ఒక సీడీ అందజేయాలని మన కార్యవర్గం సంకల్పించిన సంగతి మీకు తెలుసు. పెన్షను, కుటుంబ పెన్షను ఫారాలు, వైద్య ఖర్చుల బిల్లుల నమూనాలు, మన పాత సమావేశాల ఫొటోలు అందులో ఉంటాయి. "డిస్కు పెట్టగానే దానంతటదే తెరుచుకునేలా చేయండి, మాకు వెతుక్కునే బాధ తప్పుతుంది" అని పలువురు సభ్యులు కోరారు. అది ఎలా చేస్తారో, చేయడం ఎంతవరకు క్షేమమో చెప్పమని కార్యదర్శి గారు నాకు పురమాయించారు.

ఈ కోరిక కోరిన వారిని చూసి ఎవరూ నవ్వనక్కరలేదు. సరిగ్గా మనలాంటి వారి కోసమే ఈ సదుపాయం పుట్టింది. 1995 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ వారు విండోస్ 95 విడుదల చేశారు. అంతకుముందు కొత్త సీడీలోని ప్రోగ్రాం నడపాలంటే, అది ఏ డ్రైవులో ఉందో, ఏ ఫైలును నొక్కాలో మనిషే తెలుసుకోవలసి వచ్చేది. విండోస్ 95తో ఆ బెడద తీరింది. సీడీ లోపలికి వెళ్ళగానే తెర మీద బొమ్మ ప్రత్యక్షమయ్యేది. దీనికి ఆటోరన్ అని పేరు పెట్టారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ యంత్రం మాత్రం అడగకుండానే వడ్డించడం మొదలుపెట్టింది!

ఇందులో మాయ ఏమీ లేదు. డ్రైవులో కొత్త డిస్కు పడిందని తెలియగానే విండోస్ ఆ డిస్కులో ఆటోరన్.ఐఎన్ఎఫ్ అనే చిన్న ఫైలు ఉందేమోనని చూస్తుంది. అది నోట్‌ప్యాడ్‌లో రాసుకోగల మామూలు ఫైలు. మొదటి పంక్తిలో చదరపు బ్రాకెట్ల మధ్య ఆటోరన్ అనే మాట ఉంటుంది. రెండో పంక్తిలో 'ఓపెన్' అని రాసి, సమానం గుర్తు పెట్టి, నడపవలసిన ప్రోగ్రాం పేరు రాస్తారు. ప్రోగ్రాం కాక ఏదైనా పేజీని తెరిపించాలంటే 'ఓపెన్'కు బదులు 'షెల్ ఎగ్జిక్యూట్' అని రాయాలి. ఇదంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి సుమా!

చేసేవారు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఈ ఫైలు డిస్కులో అన్నిటికన్నా పైన ఉండాలి, ఏ ఫోల్డరు లోపలా దాచకూడదు. సేవ్ చేసేటప్పుడు 'ఆల్ ఫైల్స్' ఎంచుకోకపోతే నోట్‌ప్యాడ్ పేరు చివర టీఎక్స్‌టీ అని తగిలిస్తుంది, అప్పుడది పనిచేయదు. డ్రైవు అక్షరం రాయకూడదు. మీ ఇంట్లో 'డి' అయిన డ్రైవు పక్కింట్లో 'ఈ' కావచ్చు.

ఇంత సులభమైనప్పుడు అభ్యంతరం ఏమిటని మీరు అడగవచ్చు. ఆ ఫైలులో ఏ ప్రోగ్రాం పేరు ఉందో, అది ఏం చేస్తుందో డిస్కు పెట్టిన మనిషికి తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది. తలుపు తట్టకుండా లోపలికి వచ్చే హక్కును మనం బంధువుకు ఇచ్చామనుకుంటాం. ఆ హక్కు ఎవరికైనా దక్కుతుంది.

2005లో సోనీ బీఎంజీ సంగీత సంస్థ కాపీలను అరికట్టాలని తన పాటల సీడీలు కొన్నింటిలో ఒక ప్రోగ్రాం చేర్చింది. సీడీ పెట్టగానే ఒప్పంద పత్రం తెర మీదికి వచ్చేది. పాటలు వినాలనుకున్నవారు సరేనంటే, ఆ ప్రోగ్రాం కంప్యూటరులో చేరి, తన ఉనికి కనబడకుండా దాక్కునేది. ఈ సంగతి ఒప్పందంలో లేదు. అదే ఏడాది అక్టోబరు 31న మార్క్ రుసినోవిచ్ అనే నిపుణుడు దీన్ని బయటపెట్టాడు. ఆ చాటున ఇతర వైరస్‌లు కూడా దాక్కోగలవని తేలింది. అమెరికాలో దావాలు పడ్డాయి, సంస్థ ఆ సీడీలను వెనక్కి తీసుకుంది. అంగట్లో డబ్బిచ్చి కొన్న అసలు డిస్కు విషయంలోనే ఇలా జరిగింది.

పెన్‌డ్రైవులు వచ్చాక పరిస్థితి మరింత విషమించింది. ఫ్యాక్టరీలో అచ్చయిన సీడీలో తర్వాత ఎవరూ ఏమీ రాయలేరు. పెన్‌డ్రైవులో ఏ కంప్యూటరయినా రాయగలదు. వైరస్ తనను తాను అందులోకి ఎక్కించుకుని, పక్కనే ఒక ఆటోరన్ ఫైలును పెట్టేది. ఆ పెన్‌డ్రైవు ఎక్కడికి వెళితే అక్కడికి అదీ వెళ్ళేది. 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ అనే వైరస్ వ్యాపించిన దారుల్లో ఇదొకటి. తెర మీద 'ఫోల్డరు తెరవండి' అన్నట్టే కనిపించేది, నొక్కితే నడిచేది వైరస్. ఆ ఏడాదే అమెరికా రక్షణ శాఖ కంప్యూటర్లలోకి కూడా ఒక పెన్‌డ్రైవు ద్వారానే వైరస్ ప్రవేశించింది. వారు కొంతకాలం పెన్‌డ్రైవుల వాడకాన్నే నిషేధించారు.

అందుకే 2009లో వచ్చిన విండోస్ 7లో పెన్‌డ్రైవులకు ఆటోరన్ తీసేశారు. 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీ, విస్టాలకు కూడా ఆ మార్పును పంపారు. సీడీలకు సదుపాయం మిగిలింది కాని, విస్టా నుంచి విండోస్ మామూలుగా ముందు మనల్ని అడుగుతుంది. అంటే 1995లో తీసేసిన తలుపు గడియను మళ్ళీ బిగించారన్నమాట.

ఇదంతా పెద్ద దేశాల గొడవ అనుకోకండి. మనలో ఎందరో ఫారాలు పెన్‌డ్రైవులో వేసుకుని జిరాక్సు షాపుకు వెళతారు. అక్కడ రోజుకు ఎన్ని చేతుల పెన్‌డ్రైవులు ఆ ఒక్క కంప్యూటరులో పెడతారో ఆలోచించండి! ఇంటికి వచ్చాక అదే పెన్‌డ్రైవును పెన్షను ఖాతా చూసుకునే కంప్యూటరులో పెడతాం. ఆటోరన్ ఆగిపోయినా, ఫోల్డరు బొమ్మ తొడుక్కున్న వైరస్‌ను మనమే నొక్కితే కథ మళ్ళీ మొదటికే వస్తుంది.

మరి మన సీడీ సంగతి? నా మనసులో మెదిలేది ఒక సోదరి. భర్త పోయాక, కుటుంబ పెన్షను ఫారం కోసం మొదటిసారి ఒంటరిగా కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి. ఆమెను ఫైళ్ళ అడవిలో వదిలేయడం ధర్మం కాదు. అలాగని తెర మీద ఏది లేస్తే దానికి సరేనని నొక్కే అలవాటు చేయడమూ ధర్మం కాదు. రేపు ఆ అలవాటును ఇంకెవరో వాడుకుంటారు.

కాబట్టి నా సూచనలు ఇవి. మన డిస్కు ఏ ప్రోగ్రామునూ నడపకూడదు. పెద్ద తెలుగు అక్షరాలతో ఒక్క పేజీని మాత్రమే తెరవాలి, ఫారాలన్నీ ఆ పేజీ నుంచే అందాలి. ఒకసారే రాయగల సీడీ-ఆర్ వాడి, రాయడం పూర్తయ్యాక ఇక ఏమీ చేర్చే వీలు లేకుండా మూసేయాలి. మూసిన డిస్కును శుభ్రం చేయలేం గనుక, ముందుగానే వైరస్ పరీక్ష చేయాలి. తెర మీద ఏ ప్రశ్న వస్తుందో, ఏది నొక్కాలో ఒక కాగితం మీద అచ్చువేసి కవరులో పెట్టాలి. సీడీ డ్రైవు లేని కంప్యూటర్లే ఇప్పుడు ఎక్కువ గనుక, ఫారాల కాగితం ప్రతులు సంఘ కార్యాలయంలో సిద్ధంగా ఉంచాలి. మన డిస్కు పాస్‌వర్డుగాని, ఓటీపీగాని, బ్యాంకు ఖాతా నంబరుగాని ఎన్నడూ అడగదని ఆ కాగితం మీద మొదటి వాక్యంగా రాయాలి. అడిగిందంటే అది మనది కాదు, వెంటనే తీసేయమని చెప్పాలి.

ఇళ్ళలో కంప్యూటర్లున్న వారు సెట్టింగ్స్‌లో ఆటోప్లే అనే చోటును మనవలచేతనైనా తెరిపించి ఆపుచేయించండి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చదవకుండా ఏ ఫైలు మీదా సంతకం పెట్టనివాళ్ళం మనం. తెర మీద 'సరే' అని నొక్కడం కూడా సంతకమేనని మనవి చేస్తూ, ఈ సూచనలను సభ ఆమోదానికి ఉంచుతూ సెలవు తీసుకుంటున్నాను.