దోషజ్ఞుడు: క్రొత్తగా కత్తి చేయువానికి పెద్దలు చేయవలసిన మేలు

(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఇట్టి సభలయందు విశ్వకర్మ భగవానుని పంచముఖములను గూర్చియు, ఆ ముఖములనుండి వెలసిన కమ్మర, వడ్రంగ, కంచర, శిల్ప, స్వర్ణకార వృత్తులను గూర్చియు ప్రసంగించుట పరిపాటి. అవి వినదగిన మాటలే. అయినను మేము నేడొక చిన్న ప్రశ్నను సభవారి ముందుంచ దలచితిమి. పదునెనిమిదేండ్ల పిల్లవాడొకడు తాను మొట్టమొదట చేసిన కత్తిని మన చేతికిచ్చి, “ఎట్లున్నది?” అని యడిగినచో మనమేమి చెప్పవలెను?

“బాగున్నది నాయనా” యని వీపు తట్టి పంపుట సులభము. పిల్లవాడు సంతసించును, మనకును శ్రమ తప్పును. కాని యా కత్తి రేపొకరి వంటయింటికి పోవును. అచట దాని పిడి యూడినను, అంచు పెచ్చులూడినను గాయపడునది వేఱొకరి చేయి. మన మర్యాదమాటకు మూల్యము వారు చెల్లింతురు. కావున ఈ ప్రశ్న చిన్నదిగా గనబడినను దీని బరువు చిన్నది కాదు.

అమరకోశమున విద్వాంసునకు చెప్పిన పర్యాయపదములలో “దోషజ్ఞుడు” అనునది యొకటి. దోషము నెఱిగినవాడని దాని యర్థము. మేము పాఠశాలలో ఈ పదము చెప్పునపుడు, “తప్పులు పట్టువాడు పండితుడెట్లగును?” అని బాలురు నవ్వెడివారు. తప్పులు పట్టువానికి దోషము కనబడినంతనే తృప్తి కలుగును. దోషజ్ఞునకు దాని హేతువు తెలియును, దానిని పోగొట్టు నుపాయమును తెలియును. వైద్యుడు రోగమును పేరుపెట్టి చెప్పుట రోగిపై ద్వేషముచేత కాదు గదా!

మన నేలకు ఈ సంగతి పాతదే. మేడ్చలు మీదుగా ఉత్తరమునకు సాగు 44వ సంఖ్య జాతీయ రహదారి కామారెడ్డి, ఆర్మూరు, నిర్మల దిక్కుగా పోవుచున్నది. శామీర్‌పేట మీదుగా పోవు రాజీవ్ రహదారి కరీంనగరమునకు చేరుచున్నది. ఈ రెండు త్రోవలు చేరు ఉత్తర తెలంగాణము ఒకప్పుడు ఉక్కునకు పుట్టినిల్లు. అచటి కమ్మరులు మట్టిమూసలలో ఇనుమును బొగ్గుగా మాఱు వృక్షద్రవ్యములతో గూడ మూసి, కొలిమిలో కరగించి, నూటికి సుమారు ఒకటిన్నర పాళ్లు కర్బనముగల యుక్కుముద్దలను దీసెడివారు. మన “ఉక్కు” శబ్దమే విదేశీయుల నోట “వూట్జ్” అయినదని పలువురి యభిప్రాయము. ఆ యుక్కును లండనులో పియర్సను 1795లోను, ఫారడే 1819లోను పరిశోధించిరి. డమాస్కసు కత్తులని లోకము కొనియాడిన ఖడ్గములకు ఇట్టి భారతీయపు టుక్కే మూలము.

నిజామాబాదు సీమలోని కోనసముద్రమున ఈ పని జరుగుటను వాయిసీ యను ఆంగ్లేయ వైద్యుడు స్వయముగా జూచి వ్రాసెను. ఆ వ్రాత ఆయన మరణానంతరము 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికయందు ప్రకటింపబడెను. అందొక ముచ్చట కలదు. పారసీక దేశమున ఇస్ఫహాను నగరమునుండి యుక్కు కొనుటకై వచ్చిన వర్తకుడు కొలిమివద్దనే యుండి, ద్రవ్యముల పాళ్లు తూచుటను, ఒక్కొక్క ముద్ద గట్టిదనమును పరీక్షించుటను తానే చూచుకొనుచుండెనట. ఆ వర్తకుడు మన కమ్మరిని పొగడుటకై యంతదూరము రాలేదు. ముద్ద ముద్దకును పరీక్ష పెట్టెను. కమ్మరియు దానిని అవమానముగా దలపలేదు. ఆ పరీక్షకు నిలిచినందువలననే కోనసముద్రపు పేరు సముద్రములు దాటినది.

ఊరి కొలిమిలోను ఇట్టి పరీక్ష దినదినమును జరుగుచుండెడిది. గురువు చిన్నసుత్తితో దెబ్బ పడవలసిన చోటు చూపును. శిష్యుడు సమ్మెటతో అచటనే కొట్టవలెను. దెబ్బ తప్పినచో మఱుక్షణమే మందలింపు. మేరగా ధాన్యము గొలిచెడి రైతు, కొడవలి యంచు మడిగినచో తెల్లవాఱకమునుపే దానిని దెచ్చి దాగలిమీద పడవైచెడివాడు. అది మోటమాటయే కాని నిక్కమైన మాట. ఇప్పుడు నాగళ్లకు బదులు ట్రాక్టర్లు వచ్చినవి. మన ప్రాంతపు ద్రాక్షతోటలు చాలవఱకు ఇండ్ల స్థలములైనవి. కత్తులు కర్మాగారములనుండి అంగళ్లకు వచ్చుచున్నవి. తండ్రి కొలిమి విడిచి కర్మాగారపు కొలువునకు పోగా, మనుమడు తాతవృత్తిపై మనసుపడి, ఫోనులో దృశ్యములు చూచి కత్తి చేయ మొదలుపెట్టుచున్నాడు. ఆ యుత్సాహము మెచ్చదగినదే. కాని యా దృశ్యము చేయు విధమును చూపగలదేగాని, వీని కత్తిని చేతబట్టి చూడజాలదు గదా!

అట్టి యువకు నొకనిని మేము స్వయముగా నెఱుగుదుము. అతడు పాత లారీ కమాను పట్టీని గొని, కాల్చి, సాగగొట్టి, ఒక కత్తి చేసెను. దానికి అద్దమువంటి మెఱుగు పెట్టి, ఇత్తడి బిళ్లలతో పిడి యలంకరించెను. చూచినవారెల్లరు భేషనిరి. ఒక సభలో శాలువయు గప్పిరి. కొన్న గృహస్థురాలు మాత్రము పదిదినములకే దానిని త్రిప్పి పంపెను. అతడు తెలివిగలవాడు గనుక, ఆ కత్తిని దీసికొని శామీర్‌పేట చేరువనున్న యొక వృద్ధ కమ్మరి యొద్దకు పోయెను. మేమును వెంట నుంటిమి.

“తాతా, బాగున్నదని చెప్పకు. తప్పు ఏడున్నదో చెప్పు” అనెను.

ముదుసలి కత్తిని జూడకమునుపే, “ఏం కోసెటందుకు చేసినవు బిడ్డా?” అని యడిగెను.

“అన్నిటికీ తాతా.”

“గీతకత్తి గీతకు, వంటకత్తి వంటకు. ముందు అది తేల్చుకో.”

పిదప కత్తివెన్నును కంటికి సూటిగా బట్టి వంకర చూచెను. అంచును ఇత్తడి కడ్డీపై నాని నొక్కెను. నొక్కినచోట అంచు వంగి, మరల సరికాలేదు. మంచి పదనుగల యంచు వంగి తిరిగి యథాస్థితికి రావలెను. మిక్కిలి మెత్తనిది వంగియే యుండును. మిక్కిలి పెళుసైనది పెచ్చులూడును. కొనవద్ద సన్నని నీలిచాయను వ్రేలితో చూపి, మోటారు సానచక్రముపై వేడెక్కి యచట పదను చచ్చినదని చెప్పెను. అంతట, “దీన్ని విరగ్గొట్టమంటవా?” అని యడిగెను. యువకుడొక క్షణము మాటాడక, తల యూపెను. వైసులో బిగించి కొట్టగా కత్తి సులభముగా విఱిగెను. విఱిగినచోట లోహము ఉప్పురవ్వలవలె ముతకగా నుండెను. సన్నని బూడిదవలె నుండవలసినది ముతకబాఱుట, ఉక్కును మితిమీఱి కాల్చుటకు గుర్తు.

ఆ పిమ్మట ముదుసలి పావుగంట మాటాడెను. ఎఱ్ఱగా కాలిన యుక్కును అయస్కాంతము పట్టుకొనుట మానినపిదప కొంచెము వేడిమి చాలును, తెల్లబాఱనీయరాదు. కమాను పట్టీని నీటిలో ముంచిన చీలవచ్చును, నూనెలో ముంచవలెను. పిమ్మట మరల మెల్లగా వేడిచేసి, లోహముపై గడ్డిరంగు దేఱినంతనే దించవలెను. నీలము వఱకు పోనిచ్చిన అది కమానుకు తగునేగాని కత్తికి తగదు. సానపట్టునపుడు క్షణక్షణము నీట ముంచవలెను. వాడి పాఱవైచిన పట్టీలో కంటికి కనబడని చీలికలుండవచ్చును గనుక ముందుగా పరీక్షింపవలెను. కడపట, “రెండు పక్కల వాలు సమంగ తీసినవు. నీ చేతికి సమం తెలుసు. అది నేర్పితే వచ్చేది కాదు” అనెను. శాలువ గప్పిననాడు గూడ ఆ యువకుని ముఖమున అంతటి వెలుగును మేము చూడలేదు. అతడు మఱినాలుగు కత్తులు చేసి, వానిని తానే విఱిచి చూచుకొనెను. అయిదవదానిని పెండ్లివంటలు చేయు నొక యమ్మకు వాడుకకిచ్చెను. తడిచేతికి పిడి జాఱుచున్నదని యామె చెప్పగా దానిని మార్చెను.

ఆ ముదుసలి సంస్కృత మెఱుగడు. కాని ఆయన యడిగిన ప్రశ్నలు సుశ్రుతసంహితలో నున్నవి. సూత్రస్థానమున ఎనిమిదవ యధ్యాయమునందు శస్త్రములకు ఎనిమిది దోషములు చెప్పబడినవి. వంకరయగుట, మొద్దువాఱుట, విఱిగియుండుట, అంచు కరకుగా నుండుట, మిక్కిలి లావగుట, మిక్కిలి పలుచనగుట, మిక్కిలి పొడవగుట, మిక్కిలి పొట్టియగుట యనునవి యవి. అయితే ఱంపమునకు మాత్రము కరకు అంచు దోషము కాదని అచటనే చెప్పబడినది. అనగా ఏ పనికి చేసితివని యడుగక తప్పు నిర్ణయింపరాదు. ఆ గ్రంథమే శస్త్రగుణములను చెప్పుచు, చేతికి చక్కగా పట్టుదొరకుటను మొదట పేర్కొని, మంచి లోహము, మంచి యంచు అనువానిని పిమ్మట పేర్కొనినది. పదను పెట్టుటకు క్షారము, నీరు, తైలము అను మూడింటిని చెప్పినది. తరువాతి యధ్యాయమున వైద్యశిష్యుడు రోగిని ముట్టకమునుపు గుమ్మడి, సొర, దోస వంటి కాయలపై అభ్యాసము చేయవలెనని విధించినది. తొలి తప్పులు కాయమీద జరుగవలెను, మనుష్యునిమీద కాదు. మన కత్తికారునకును ఇదియే నీతి: తొలి కత్తులు పరీక్షకుని చేతిలో విఱుగవలెను, కొన్నవారి చేతిలో కాదు.

పరదేశములవారును ఈ మార్గమునే పట్టిరి. అమెరికాలో 1976లో కత్తులు చేయు కమ్మరులు ఒక సంఘముగా నేర్పడిరి. వారి మొదటి పట్టమును గోరువాడు తన కత్తితో వ్రేలాడు అంగుళపు మోకును ఒక్క వ్రేటున కోయవలెను, మొద్దుకఱ్ఱను నఱకవలెను, పిదప అదే యంచుతో చేతి వెండ్రుకలు గొఱుగవలెను, చివరకు కత్తిని వైసులో బిగించి సమకోణము వఱకు వంచినను విఱుగరాదు. ఆ పరీక్షలో కత్తి పాడగును. నెగ్గినవాడు పిదప అయిదు కత్తులను పెద్దల ముందుంచి తీర్పు పొందవలెను. మన పాత యుక్కు రహస్యమును వెదకినవారిలోను ఆల్ఫ్రెడ్ పెండ్రే అను కమ్మరియు, జాన్ వెర్హోవెన్ అను లోహశాస్త్రాచార్యుడును జంటగా పని చేసిరి. కమ్మరి కత్తి సాగగొట్టును. ఆచార్యుడు దానిని సూక్ష్మదర్శినిలో పరిశీలించును. ఏండ్లతరబడి శ్రమించి, ఉక్కులో అత్యల్పముగా నుండు వెనేడియము వంటి ధాతువులే ఆ యలలవంటి చాయలకు ముఖ్యకారణమని 1998లో ప్రకటించిరి. ఆచార్యుడు మొగమాటపడి ప్రతి కత్తిని బాగున్నదనియుండిన ఆ సంగతి తేలియుండునా?

ఇక కర్తవ్యము. నేర్చువారికి మా మనవి: మెప్పు కోరి కత్తి చూపకుడు. ఏ యుక్కు వాడితిరో, ఎంత కాల్చితిరో, దేనిలో ముంచితిరో దాపరికము లేక చెప్పుడు. చెప్పినమాట కటువైనను వ్రాసికొనుడు. పెద్దలకు మా మనవి: దోషము చెప్పునపుడు మనుష్యుని దూషింపక వస్తువును గూర్చియే పలుకుడు, హేతువును, ఉపాయమును చెప్పక విడువకుడు, ఉన్న గుణమును దాచకుడు. “మా యింటి గుట్టు” అని విద్యను బిగబట్టినచో అది మనతోనే కాటికి పోవును. చేతితో ఈ పరీక్ష లెఱిగిన వృద్ధులు మన గ్రామములలో నానాటికి తగ్గిపోవుచున్నారని సభవారు మఱువరాదు.

పోషకులకు ఒక విన్నపము. కేంద్రప్రభుత్వము 2023 సెప్టెంబరు 17న పదునెనిమిది చేతివృత్తులవారికై పి.ఎం. విశ్వకర్మ పథకము నారంభించి, అయిదునుండి ఏడు దినముల ప్రాథమిక శిక్షణమును, పనిముట్లకు 15,000 రూపాయల వఱకు సాయమును ఏర్పఱచినది. అది మేలే. కాని వారము దినములలో చేయి కుదురదు. పిమ్మటి సంవత్సరములలో తప్పు చూపువాడు కావలెను. అది సంఘము చేయవలసిన పని. కావున ప్రతి వార్షికసభకును ముందుదినమున పరీక్షాసభ యొకటి యేర్పఱచి, ముగ్గురు వృద్ధ కమ్మరులను, కత్తి వాడుకలో నెఱిగిన గీతకారుని, వంటవారిని పరీక్షకులుగా గూర్చుండబెట్టుడు. కత్తితోబాటు విఱుగగొట్టుటకై దాని జోడు కత్తిని గూడ తెమ్మని నియమింపుడు. ఆ రెండవ కత్తికైన యుక్కు, బొగ్గుల వెలను పోషకులు భరింతురు గాక. పేదపిల్లవాడు పరీక్షకు జంకుట తఱచుగా ఈ నష్టభయముచేతనే. పరీక్షలో తప్పినవానిని ఒక వృద్ధునికి అప్పగించి, మరుసటి యేడు మరల రమ్మని పిలువుడు. శాలువ యప్పుడు కప్పవచ్చును.

మన వంశమునకు గౌరవము పూర్వుల పేళ్లు వల్లించుటవలన మాత్రమే నిలువదు. మేడ్చలులోనో శామీర్‌పేటలోనో ఒక గృహిణి అంగడికి బోయి, “మన కమ్మరి చేసిన కత్తియే యిమ్ము” అని యడిగిననాడు అది నిలుచును. ఆ దినమునకై మన బిడ్డలకు నిజము చెప్పు దోషజ్ఞులమగుదుము గాక.  స్వస్తి.