సంతకానికి ముందు చదవవలసిన చదువు

ఇది ప్యాపిలిలో నేడు పట్టాలందుకుంటున్న విద్యార్థినీ విద్యార్థులకు, వారి వెంట చుట్టుపక్కల పల్లెల నుంచి తరలివచ్చిన తల్లిదండ్రులకు చేస్తున్న స్నాతకోత్సవ ప్రసంగం. రాబోయే శతాబ్దం గురించి జోస్యం చెప్పడం ఈ ప్రసంగం ఉద్దేశం కాదు. ఇంగ్లిషు చదువుకున్న పట్టభద్రుల్లో ఎక్కువమంది డీఎస్సీ వైపో బ్యాంకు పరీక్షల వైపో చూస్తుండగా, కొందరు విదేశాల్లో ఇంగ్లిషు బోధించే ఉద్యోగాల వైపు చూడడం మొదలుపెట్టారు. అటువంటివారు ప్రభుత్వ ప్రోగ్రామ్ ద్వారా వెళ్లాలా, ప్రైవేటు కంపెనీ ద్వారా వెళ్లాలా అన్న ప్రశ్నకే ఈ ప్రసంగం పరిమితం.

ప్రభుత్వ ప్రోగ్రామ్ అంటే ఒక దేశం తన బడుల కోసం విదేశీ ఉపాధ్యాయులను ఎంపిక చేసి, జీతం, సెలవులు, బీమా వంటివి ముందే నిర్ణయించి రప్పించుకునే ఏర్పాటు. జపాన్ 1987లో ప్రారంభించిన జెట్, దక్షిణ కొరియా 1995లో ప్రారంభించిన ఎపిక్ ఈ కోవలోనివి. ప్రైవేటు కంపెనీల్లో జపానువారు ఎయికైవా అని పిలిచే సంభాషణ పాఠశాలలు, కొరియావారు హాగ్వాన్ అని పిలిచే ట్యూషన్ కేంద్రాలు ముఖ్యమైనవి. బడి విడిచాక కూడా పిల్లలను రాత్రిదాకా కూర్చోబెట్టే హాగ్వాన్ల గురించి మన కార్పొరేట్ కోచింగులో నలిగినవారికి వేరే వివరణ అక్కర్లేదు.

ఈ రెండు దారుల్లో ఏది మంచిదన్న చర్చకు ముందు ఏ దారి తెరిచి ఉందన్నది చూడాలి. బ్రజ్ కచ్రు అనే భారతీయ భాషాశాస్త్రవేత్త 1985లో ఇంగ్లిషు వాడే దేశాలను మూడు వలయాలుగా విభజించాడు: అది మాతృభాషగా ఉన్న బ్రిటన్, అమెరికా వంటివి లోపలి వలయం, వలసపాలన వల్ల అది పాలనాభాషగా, చదువుల భాషగా స్థిరపడిన భారతదేశం వంటివి బయటి వలయం, పరభాషగా నేర్చుకునే జపాన్, కొరియా వంటివి విస్తరించే వలయం. విస్తరించే వలయంలోని దేశాలు ఉపాధ్యాయులను ఎక్కువగా లోపలి వలయం నుంచే కోరుకుంటాయి. కొరియా భాషాబోధన వీసాను ప్రధానంగా ఏడు దేశాల పౌరులకే ఇస్తుంది. అయితే 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భారత–కొరియా సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం వల్ల డిగ్రీతోపాటు ఇంగ్లిషు బోధనార్హత ఉన్న భారతీయులకు సహాయ ఉపాధ్యాయులుగా వెళ్లే వీలు ఏర్పడింది. జెట్‌కు భారతదేశం నుంచి ఎంపికయ్యేవారు బహు స్వల్పం. జపాన్ బడుల్లో విదేశీ భాష బోధించేవారికి ఇచ్చే వీసాకైతే ఆ భాషా మాధ్యమంలో కనీసం 12 సంవత్సరాలు చదివి ఉండాలన్న నియమం ఉంది. కాబట్టి ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివిన అభ్యర్థి ఎంత ప్రతిభావంతుడైనా ఈ గడప దగ్గరే ఆగిపోతాడు. ఈ సంగతి విదేశీ ఉద్యోగాలు ఇప్పించే ఏజెంటు చెప్పడు. చెబితే అతనికి రుసుము రాదు.

ప్రోగ్రామ్, కంపెనీ అన్న విభజన కూడా పైకి కనిపించినంత తేటగా లేదు. అమెరికా విదేశాంగ శాఖ పర్యవేక్షణలో జె-1 వీసాపై నడిచే ఎక్స్ఛేంజ్ టీచర్ ఏర్పాటుకు డిగ్రీ, రెండేళ్ల బోధనానుభవం కావాలి. మొదట మూడేళ్లు, పొడిగిస్తే ఐదేళ్లదాకా ఉండవచ్చు. పేరుకు ఇది ప్రభుత్వానిదే అయినా, ఉపాధ్యాయులను ఎంపిక చేసి తీసుకువెళ్లే స్పాన్సర్లలో రుసుము వసూలుచేసే ప్రైవేటు సంస్థలు చాలా ఉన్నాయి. జపాన్‌లో ఇందుకు వ్యతిరేకమైన పరిస్థితి కనిపిస్తుంది: అనేక పురపాలక విద్యామండళ్లు ఇంగ్లిషు సహాయ ఉపాధ్యాయులను సరఫరా చేసే పనిని కంపెనీలకు అప్పగిస్తాయి కనుక, బడి ప్రభుత్వానిదే అయినా టీచరు కంపెనీ మనిషి. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులు లేని ఆఫీసు లేని ఆంధ్రప్రదేశ్‌లో ఈ తేడా ఎవరికీ తెలియనిది కాదు. అందువల్ల అడగవలసింది సంస్థ పేరేమిటని కాదు. జీతమిచ్చేదెవరు, వీసాకు పూచీ ఎవరిది, తగాదా వస్తే తీర్చేదెవరు అన్న మూడు ప్రశ్నలు.

జీతమిచ్చేదెవరన్న మొదటి ప్రశ్న ఈ ప్రాంతానికి కొత్తది కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల స్థితిపై విచారణ జరిపించి, 1826లో ప్రభుత్వమే పాఠశాలలు నెలకొల్పాలని ప్రతిపాదిస్తూ, జిల్లా పాఠశాల ఉపాధ్యాయుడికి నెలకు 15 రూపాయలు, తహసీల్దారీ పాఠశాల ఉపాధ్యాయుడికి 9 రూపాయలు జీతంగా సూచించాడు; దానికి తోడు పిల్లలిచ్చే రుసుము కూడా వారికే చెందాలన్నాడు. అంటే జీతంలో ఒక పాలు సర్కారుది, ఒక పాలు విద్యార్థులది. మరుసటి ఏడాదే అతను ప్యాపిలికి పొరుగునున్న పత్తికొండలో కలరాతో మరణించాడు. సర్కారు జీతం ఉపాధ్యాయుడికి నిలకడనిస్తుంది, పిల్లల రుసుము అతనిని బద్ధకించనివ్వదు. రెండు వందల ఏళ్ల తరువాత కూడా ప్రోగ్రామ్‌కూ కంపెనీకీ మధ్య తేడా ఇంచుమించు ఇదే.

ఈ ప్రసంగకర్త ఉద్యోగజీవితం చాలావరకు రాయలసీమ కళాశాలల్లోనే గడిచినా, నడుమ కొంతకాలం తూర్పు ఆసియాలో మొదట ఒక ప్రభుత్వ బడిలో, తరువాత ఒక ప్రైవేటు భాషా పాఠశాలలో సాగింది. ప్రభుత్వ బడిలో నెల తిరగ్గానే జీతం పడేది, జ్వరమొస్తే సెలవు అడగడానికి జంకవలసిన పని ఉండేది కాదు. కానీ స్థానిక ఉపాధ్యాయుడు పుస్తకం తెరిచి సైగ చేసినప్పుడు ఒక వాక్యం చదవడం, తరగతి మొత్తం దాన్ని తిరిగి పలికాక మళ్లీ సైగ కోసం కాచుకుని నిలబడడం, ఇంతకు మించి బోధన లేదు. ఎం.ఏ.లో షేక్‌స్పియర్‌ను ఔపోసన పట్టిన మనిషి టేపురికార్డరు ఉద్యోగం చేసినట్టయింది. ప్రైవేటు పాఠశాలలో ఐదారుగురు విద్యార్థులుండే గదిలో పాఠం ఎత్తుగడ నుంచి ముగింపు దాకా ఉపాధ్యాయుడిదే. ఎవరు ఎక్కడ తడబడుతున్నారో కళ్లెదుటే తెలిసేది, బోధించడం ఎలాగో నిజంగా అబ్బినది అక్కడే. అయితే చూసిపోవడానికి వచ్చినవారికి ఉచితంగా చెప్పే నమూనా పాఠం ముగిశాక వారు ఫీజు కట్టకుండా లేచిపోతే, తప్పు పాఠానిదేనన్నట్టు మేనేజరు ముఖం మాడ్చుకునేవాడు. నిలకడ ఒకచోట, నేర్పు మరొకచోట దొరికాయి గనుక, వయసులో ఉన్నవారు నేర్పు కోసం కొంత కష్టం పడినా నష్టం లేదని ఈ ప్రసంగకర్త అభిప్రాయం. పెళ్లయి పిల్లలున్నవారికి మాత్రం ఈ సలహా వర్తించదు.

కంపెనీ దారిలో అసలు గండం వేరే ఉంది: కంపెనీ మునిగితే ఉపాధ్యాయుడూ మునుగుతాడు. జపాన్‌లో అతిపెద్ద సంభాషణ పాఠశాలల సంస్థ నోవా 2007 అక్టోబరులో కుప్పకూలినప్పుడు వేలాది విదేశీ ఉపాధ్యాయులు జీతాలందక రోడ్డున పడ్డారు. కొందరి విషయంలో జీతంలోంచి కోసుకున్న ఇంటి అద్దె ఇంటివారికి చేరనే లేదు. చైనా ప్రభుత్వం 2021 జులైలో బడి పిల్లల పాఠాలపై లాభాపేక్షతో నడిచే ట్యూషన్లను కట్టడి చేయడంతో, విదేశాల్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఇంగ్లిషు చెప్పేవారి బతుకుతెరువు కూడా ఉన్నట్టుండి తెగిపోయింది. ప్రోగ్రామ్‌లో ఇటువంటి ప్రమాదం తక్కువ, కానీ అది జీవితకాలపు ఆసరా కాదు: జెట్ ఒప్పందం ఏడాదికొకటి, గరిష్ఠంగా ఐదేళ్లు, ఏ ఊరికి పంపుతారన్నది అభ్యర్థి చేతిలో ఉండదు.

ఇంతవరకు చెప్పినది వివేచన. ఇకపై చెప్పబోయేది చీవాట్లు. విదేశీ నియామక పత్రం పట్టుకుని సలహా కోసం వచ్చే పాత విద్యార్థుల్లో దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివివచ్చినవారు అరుదు. అటువంటి పత్రమొకదానిలో బోధన వారానికి 25 గంటలని ఒక పేజీలో, హాజరు 44 గంటలని మరో పేజీలో, ఏడాది నిండకుండా మానేస్తే విమాన ఛార్జీతోపాటు శిక్షణ ఖర్చు తిరిగి చెల్లించాలని ఇంకో పేజీలో, పాస్‌పోర్టు భద్రత నిమిత్తం సంస్థ వద్దే ఉంటుందని చిట్టచివర ఉన్నాయి. తెచ్చిన అబ్బాయి చూసినది జీతం అంకె ఒక్కటే. దాన్ని ఫోన్‌లో రూపాయల్లోకి మార్చి, అమ్మకు చెప్పి, ఊరంతా చాటేశాడు. అక్కడ గది అద్దె ఎంతో అతనికి పట్టలేదు. నాలుగేళ్లు ఇంగ్లిషు చదివినవారు, సానెట్‌లో పద్నాలుగు పాదాలకు ప్రతిపదార్థం రాయగలవారు, తమ బతుకును నిర్ణయించే పద్నాలుగు పేజీల ఇంగ్లిషును చదవకపోవడం కంటే విడ్డూరం ఉంటుందా? అలా చదవని చదువుకు పట్టా ఎందుకు, పూలదండ ఎందుకు, ఈ షామియానా ఎందుకు?

చట్టం సంగతి చూస్తే మనసు మరింత చివుక్కుమంటుంది. వలసల చట్టం 1983లో వచ్చింది. దాని ప్రకారం పదో తరగతి పాసుకాని కార్మికుడు కువైట్ వంటి 18 దేశాలకు పనికోసం వెళ్లాలంటే, వలసదారుల సంరక్షణాధికారి పత్రాలు పరిశీలించి అనుమతివ్వాలి. పదో తరగతి దాటినవారికి ఆ అనుమతి అక్కర్లేదు. చదువుకున్నవారు తమ ఒప్పందం తామే చదువుకోగలరని చట్టం నమ్మిందన్నమాట. ఆ నమ్మకాన్ని వమ్ము చేస్తున్నది చదువుకున్నవారే. ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉన్నదీ లేనిదీ ఈమైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. అతను తీసుకోగల రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్‌టీ మాత్రమే, అదీ రసీదు మీద. లక్షలు అడిగేవాడు, రసీదు ఇవ్వనివాడు, డబ్బు బావమరిది ఫోన్‌పే నంబరుకు పంపమనేవాడు ఏజెంటు కాడు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి కంబోడియా వెళ్లిన ఉత్తరాంధ్ర యువకులతో అక్కడ బలవంతంగా సైబర్ మోసాలు చేయించిన సంగతి 2024 మేలో విశాఖపట్నం పోలీసుల దర్యాప్తుతో బయటపడింది. అక్కడ చిక్కినవారిలో చదువుకున్నవారూ ఉన్నారు.

చీవాట్ల తరువాత బుజ్జగింపు కూడా మర్యాదే. తెలుగు మాతృభాషగా ఉన్న ఉపాధ్యాయుడికి తనదైన బలమొకటి ఉంది. తెలుగువారి నాలుక పదం చివర అచ్చు కోరుకుంటుంది కనుక బస్ బస్సవుతుంది. జపాను పిల్లలూ ఇదే కారణంగా బసు అంటారు. ఆ ఇబ్బందిని తాను దాటివచ్చినవాడు దాన్ని దాటించే ఉపాయమూ చెప్పగలడు. పుట్టుకతో ఇంగ్లిషు వచ్చినవాడికి ఆ ఇబ్బంది ఉందనే తట్టదు. ఈ విద్యను శాస్త్రంగా నేర్చుకోవాలనుకునేవారికి హైదరాబాదులో 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలై 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన ఇఫ్లూ ఉంది. ఇంగ్లిషు నేర్చుకోవడానికి విదేశీయులు కూడా అక్కడికి వస్తుంటారు. అందుచేత సరైన వరుస ఇది: ముందు బి.ఇడి. గానీ తత్సమానమైన శిక్షణ గానీ, ఆపైన మన ఊరి బడిలోనే రెండేళ్ల బోధన, ఆ తరువాత విదేశం. మొదటిసారి వెళ్లేటప్పుడు అర్హత ఉంటే ప్రోగ్రామ్. లేకుంటే, ఒప్పందం పూర్తిగా చదివాక కూడా నచ్చిన కంపెనీ. ఈలోగా డీఎస్సీ నోటిఫికేషన్ వస్తే రాయడంలో నామోషీ ఏమీ లేదు. 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులతో వచ్చింది.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మనవి. నేడు అందిన పట్టాను ఇంటికి వెళ్లే దారిలోనే లామినేషన్ చేయించి గోడకు తగిలించాలని చాలామందికి ఉబలాటం. విదేశీ ఉద్యోగానికి ఆ పట్టాపై అపోస్టిల్, అంటే ఇతర దేశాలు గుర్తించేలా విదేశాంగ శాఖ వేసే ధ్రువీకరణ ముద్ర, అవసరమవుతుంది. లామినేషన్ చేసిన పత్రాన్ని అక్కడ సాధారణంగా స్వీకరించరు. కాబట్టి పట్టాను ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచాలి, జిరాక్స్ కాపీని గోడకు తగిలించుకోవాలి, అసలు పత్రాన్ని ఏ ఏజెంటు అడిగినా ఇవ్వకూడదు.